గోపురంలో మూరెడు తీగ

నేను ఒక తీగ ముక్కను. పొడవు మూరెడు, లావు అగ్గిపుల్లంత. ఇంతదానికి కథేమిటని మీకు అనిపిస్తే తప్పులేదు. నన్ను కోసినవాళ్ళకూ అతికినవాళ్ళకూ కూడా అలాగే అనిపించింది. పైకి ఒక్కటిగా కనిపిస్తాను గాని నా తొడుగు కింద రెండు రాగి పోగులున్నాయి. ఒకదాని చొక్కా నీలం, రెండోదాని చొక్కా తెలుపు. పుట్టిన నాటి నుంచి పక్కపక్కనే పడుకుని ఉన్నా అవి ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే ఏదో ఒకటి మొదలవుతుంది. మనుషులు కూడా తమ ఇళ్ళల్లో ఇలాంటి కట్టుబాట్లు పెట్టుకుంటారని తర్వాత చూశాను.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏదో ఫ్యాక్టరీలో రాగి కడ్డీని ఒకదానికంటే ఒకటి సన్నని కంతల్లోంచి లాగారు. లాగినకొద్దీ సన్నబడ్డాను, సాగాను. అప్పటికి నేను ముక్కను కాదు. మైళ్ళ పొడవు తీగలో ఎక్కడో ఒకచోట ఉన్న మూరెడు మేర మాత్రమే. చుట్టచుట్టి లారీ ఎక్కించారు. జనగామ బస్టాండు ఎదురుగా యెల్లస్వామి పెట్టుకున్న టెలిఫోను బూతులో గోడకు మేకులు కొట్టి బిగించారు.

యెల్లస్వామికి రెండు కాళ్ళూ చిన్నప్పుడే పడిపోయాయి. కూర్చున్నచోటి నుంచే ఊరి రహస్యాలన్నీ వినేవాడు, విననట్టు బస్సుల వైపు చూసేవాడు. నాకైతే వినక తప్పేది కాదు, ఆ మాటలు నాలోంచే పోయేవి. దూరం పెరిగితే గొంతూ పెంచాలని మనుషుల నమ్మకం. హనుమకొండకు మామూలుగా మాట్లాడే మనిషి బొంబాయికి మాట్లాడేటప్పుడు బూతు అద్దాలు అదిరేలా అరిచేవాడు. నాకు రెండూ ఒకటే బరువు. సంబంధం తప్పిపోయిందని చెప్పడానికి ఫోను చేసినవాడు ముందు వానల గురించి అడిగేవాడు. అవతలివాడు వానల గురించి వివరంగా చెప్పేవాడు. వీళ్ళు అసలు మాటకు వచ్చేసరికి మూడో మనిషి తలుపు తట్టేవాడు.

ఆ తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. బూతు జిరాక్సు దుకాణమైంది. నన్ను పీకే తీరిక ఎవరికీ లేక గోడతో పాటు నాకూ సున్నం వేశారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడ పడింది, గోడతో నేనూ పడ్డాను. ఎవరో నన్ను తీసుకుపోయి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వెనక ఒక అట్టపెట్టెలో పారేశారు. అక్కడ ఎన్నాళ్ళున్నానో నాకు తెలియదు. పనిలేని తీగకు కాలం తెలియదు.

ఆ దుకాణంలో సంధ్యారాణి అనే అమ్మాయి పనిచేసేది. డిగ్రీ అయ్యాక అక్కడ చేరి కంప్యూటరు విప్పడం, బిగించడం నేర్చుకుంది. ఒక సాయంత్రం ఆ పెట్టెలో చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగింది. గోటితో సున్నం గీకి, కొస కొద్దిగా ఒలిచి లోపలి రాగి రంగు చూసింది. బాగానే ఉందనుకుందో ఏమో, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి కత్తిరించింది. అలా నేను ముక్కనయ్యాను. ఆమె నన్ను సంచిలో వేసుకుని బస్సెక్కి పెంబర్తికి తీసుకుపోయింది.

సంధ్య నాన్న ఉపేంద్రాచారి ఇత్తడి రేకు పనివాడు. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు, విగ్రహాల కవచాలకు నగిషీ కొడతాడు. రేకు వెనక గుగ్గిలం, ఇటుక పొడి కలిపి కాచిన ముద్ద పోసి, అది ఆరి మెత్తటి పడకలా అయ్యాక, ముందువైపు ఉలితో కొట్టుకుంటూ పోతాడు. పొద్దున లతగా మొదలైంది సాయంత్రానికి హంస అయి కూర్చుంటుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు కొలిమి దగ్గర కూర్చోరు. పూర్తయిన పనిని చింతపండుతో తోమడం మాత్రం వాళ్ళ వంతు. వాళ్ళు తోమితేనే ఇత్తడి బంగారంలా మెరుస్తుంది, అయినా తోమినవాళ్ళను పనివాళ్ళ లెక్కలో ఎవరూ వేయరు.

ఉపేంద్రాచారికి కొడుకులు లేరు. తన తర్వాత ఉలి పట్టేవాడు లేడని వచ్చినవాళ్ళందరి దగ్గరా బాధపడేవాడు. పక్కన కూర్చుని నేర్చుకుంటానని కూతురు అడిగినప్పుడు మాత్రం ఆ బాధ ఆయనకు గుర్తుకు వచ్చేది కాదు.

నేను ఆ ఇంటికి చేరడానికి కారణం హనుమకొండలో బంగారం దుకాణం నడిపే పబ్బ ప్రభాకర్ సేటు. దసరాకు కొత్త దుకాణంలోకి మారుతూ, వాకిలికి ఇత్తడి తాపడం చేయించుకోవడానికి పెంబర్తి వచ్చాడు. ఆచారి తలుపు గీతలు గీసి చూపిస్తుంటే సంధ్య చాయ్ తెచ్చిపెట్టి, పోకుండా నిలబడింది.

“సేటూ, తలుపేమో గుడి తలుపు లెక్క చేపిస్తున్నరు. మరి గల్లా మీద ఆ నల్ల డబ్బానే పెడ్తరా?” అని అడిగింది.

నల్ల డబ్బా అంటే కంప్యూటరు. సేటు అప్పటిదాకా ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించాక ఇక ఆగలేకపోయాడు. గల్లా మీద చిన్న ఇత్తడి గోపురం ఉండాలి, కంప్యూటరు దాని లోపల దాక్కోవాలి, పైనున్న కలశం నొక్కితే అది నిద్ర లేవాలి. బంగారం కొనడానికి వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూసి నోరు తెరవాలి. అప్పటికప్పుడు ఖాయం చేసుకుని వెళ్ళిపోయాడు.

సేటు గడప దాటాక ఆచారి కూతురి వైపు చాలాసేపు చూశాడు. నోరు బాగా లేస్తోందన్నాడు. తర్వాత ఉలి కింద పెట్టి ఒక మాట ఇచ్చాడు.

“సరే. ఈ గోపురం సేటు దుకాణంల నిలబడ్డదా, వచ్చి నా పక్కకు కూసో. ఎవ్వడేమన్నా నేను సూసుకుంట. వాపసొచ్చిందా, ఆ బడిపిల్లలకు కంప్యూటర్ చెప్పే నౌకరి ఉన్నది సూడు, దానికి పో. మల్ల కొలిమి మాట ఎత్తద్దు.”

సంధ్య తల ఊపింది. ఆమె తల్లి కమలమ్మ లోపలి నుంచి, ఆ కలశమేదో తమ ఇంట్లో కూడా ఒకటి పెడితే పొద్దున్నే నొక్కి తండ్రీకూతుళ్ళను లేపుకుంటానంది. ఎవరూ నవ్వలేదు గాని ఇద్దరికీ వినిపించింది.

గోపురం మూడు అంతస్తులు లేచింది. నగిషీ అంతా ఆచారిది. లోపలి అమరిక అంతా సంధ్యది. వేడి బయటికి పోవడానికి ఎక్కడెక్కడ కంతలుండాలో ఆమె సుద్దతో గుర్తుపెడితే, ఆయన ఆ కంతలను కిటికీలుగా మార్చి, ఒక్కో కిటికీలో ఒక్కో చిలకను కూర్చోబెట్టాడు. గొడవ తీగల దగ్గర వచ్చింది. కంప్యూటరు బోర్డు గోపురం అడుగున ఉంటుంది. బొత్తం శిఖరాన కలశంలో ఉంటుంది. బొత్తంతో వచ్చిన తీగ బజారులో దొరికే డబ్బా కొలతకు చేసింది. గోపురంలో అది రెండో అంతస్తు దాకా దిగి, ఇక రానని వేలాడింది. పంకా తీగా అంతే, చిన్న దీపం తీగా అంతే. పొడుగు తీగలు తెప్పించాలంటే దసరా దాటిపోతుంది. అందుకని సంధ్య ఒక్కొక్క తీగనూ మధ్యకు కత్తిరించి, వేరే ముక్క వేసి పొడిగించడం మొదలుపెట్టింది.

పంకాకూ దీపానికీ ఏ పోగుకు ఏ పోగు కలపాలో చూసుకోవాలి, తారుమారైతే అవి పనిచేయవు. నాకు ఆ చిక్కు లేదు. నన్ను బొత్తం తీగకు వేశారు. పైన కలశం నొక్కినప్పుడు నా రెండు పోగులూ ఒక్క క్షణం కలుస్తాయి. ఆ కబురు కిందికి పోయి బోర్డుకు అందుతుంది, కంప్యూటరు లేస్తుంది. ఇన్నేళ్ళూ తాకకుండా బతికిన పోగులకు ఇప్పుడు తాకడమే ఉద్యోగమైంది.

సంధ్య మధ్యగదిలో కిటికీ పక్కన కూర్చుని పనిచేసేది. పంకా ముక్కా దీపం ముక్కా అతికాక నా వంతు వచ్చింది. నా పై కొసను బొత్తం తీగకు మెలిపెట్టి, లోపల బంక నింపిన సన్నటి సాల్డరింగ్ తీగతో చిన్న చుక్క పెట్టింది. కింది కొసను బోర్డు వైపు తీగకు మెలిపెట్టి ఉంచింది, ఇంకా అతకలేదు. అప్పుడు ఆచారి మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చాడు. నా పై కొస చూసి, ఈగ వాలినా ఊడిపోయేట్టు ఉందన్నాడు. దీనికి అంతకంటే బలం అక్కర్లేదని ఆమె చెప్పింది.

“టంకం మనింటి పని బిడ్డా. ఇటు తే,” అని ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆ ఇంట్లో ఆమె పనికి ఆయన పక్కన కూర్చోవడం అదే మొదలు. సంధ్య కొంచెం జరిగి చోటిచ్చింది. ఆయన తన పెద్ద టంకం కాడ తెప్పించి కాల్చి, నవసాగరం నీళ్ళలో నా కొసను ముంచాడు.

“బాపూ, దీనికి నవసాగరం...” అని సంధ్య మొదలుపెట్టింది. ఆయన ముఖం చూసింది. మిగతా మాట మింగింది.

ఆయన చెయ్యి చూడటానికి బాగుంటుంది. ఒక్క రుద్దుతో తగరం నా పోగుల చుట్టూ పాకింది. కింది కొస వెండిపూసలా మెరిసింది. తన తాత పెట్టిన టంకం బిందెలో ఇప్పటికీ చుక్క నీళ్ళు కారవని చెప్పి, మంచినీళ్ళు తాగకుండానే కొలిమి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నవసాగరం లోహం మీది మురికిని తినేస్తుంది. మురికి పోయిన చోట తగరం గట్టిగా పడుతుంది. పని అయ్యాక బిందెను చింతపండు పులుసుతో తోమి కడుగుతారు గనుక నవసాగరం కూడా కడుక్కుపోతుంది. తీగను కడిగే ఆచారం ఎవరికీ లేదు. అది నా మీదే ఉండిపోయింది. తినడానికి మురికి మిగలకపోతే అది రాగిని తింటుంది.

సంధ్యకు ఈ సంగతి తెలుసు. దుకాణంలో మొదటి పాఠమే అది. నన్ను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కత్తెర పక్కనే ఉంది. కత్తిరించి మళ్ళీ అతకడానికి ఒక చాయ్ తాగినంతసేపు పట్టదు. కాని తండ్రి వేలు పెట్టిన చోటును కత్తిరించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. తడిగుడ్డతో గట్టిగా తుడిచింది. పోయినంత పోయింది. ఆ పైన రెండు కొసలకూ ఒక్కో నల్లటి గొట్టం తొడిగి వేడి చూపింది. గొట్టం ముడుచుకుని బిగిసింది. పురుగును గింజల డబ్బాలో వేసి మూత పెట్టినట్టయింది.

దసరా నాడు గోపురం గల్లా ఎక్కింది. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, నిమ్మకాయ కోశారు. సేటు కలశం నొక్కాడు. నా పోగులు కలిశాయి. తెర మీద వెలుగు రాగానే జనం చప్పట్లు కొట్టారు. కొన్నాళ్ళు నాకు మంచి గౌరవం జరిగింది, నన్ను చూసినవాళ్ళు ఎవరూ లేకపోయినా. గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు చిలకలను లెక్కపెట్టేవాళ్ళు. ఇలాంటివి ఇంకో రెండు చోట్ల అడుగుతున్నారని సేటు పెంబర్తికి ఫోను చేసి చెప్పాడు.

సంక్రాంతి వెళ్ళేసరికి నల్ల గొట్టంలో నా కింది కొస సన్నబడింది. ఒకరోజు సేటు నొక్కితే కంప్యూటరు లేవలేదు. రెండోసారి లేచింది. మరునాడు నాలుగుసార్లు నొక్కాల్సి వచ్చింది. సేటు తల్లి నర్సమ్మ గల్లా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆవిడకు కారణం వెంటనే తెలిసిపోయింది.

“గోపురం మీది కలశాన్ని పొద్దుగాల్నే ఏలు పెట్టి నొక్కుడేందిరా? ఏ గుళ్ళెనన్న సూసినవా?” అని కొడుకును నిలదీసింది.

అప్పటినుంచి చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, దణ్ణం పెట్టుకుని నొక్కడం మొదలైంది. మొదటిరోజు దణ్ణం పెట్టగానే కంప్యూటరు లేచింది. దాంతో దణ్ణం ఖాయమైంది. వారం తిరక్కుండా దణ్ణానికి కూడా లేవడం మానేసింది. గుమాస్తా విసుగొచ్చి పక్కనుంచి ఒక దెబ్బ వేస్తే, ఆ అదురుకు నాలో మిగిలిన రాగి రేణువులు ఒకదానికొకటి తగిలి పని జరిగింది. అప్పుడు భక్తి తగ్గి దెబ్బలు పెరిగాయి. మాఘమాసం పెళ్ళిళ్ళ గిరాకీలో, పెళ్ళికూతురి వాళ్ళు నగలు తూకం వేయించి కూర్చుని ఉండగా, ఎన్ని దెబ్బలు వేసినా గోపురం ఉలకలేదు. మరునాడు పొద్దున్నే దాన్ని మఖమల్ గుడ్డలో చుట్టి ఆటో ట్రాలీలో పెంబర్తికి పంపేశారు. రేపు తానే వచ్చి మాట్లాడతానని సేటు కబురు చేశాడు.

ట్రాలీ వాకిట్లో ఆగినప్పుడు ఉపేంద్రాచారి కొలిమి ముందున్నాడు. గుడ్డ విప్పకముందే అందులో ఏముందో తెలిసింది. తల తిప్పి మళ్ళీ ఉలి అందుకున్నాడు. అనాల్సినది దసరాకు ముందే అనేశాడు గదా. సంధ్య గోపురాన్ని మధ్యగదిలోకి మోయించుకుంది.

ముందు బోర్డు చూసింది, తర్వాత పంకా చూసింది, చివరికి నన్ను పట్టుకుంది. నల్ల గొట్టం నిలువునా కోసింది. లోపలి నుంచి పచ్చటి చిలుము పొడి రాలి ఆమె ఒళ్ళో పడింది. నీలం పోగు అప్పటికే తెగిపోయింది. తెల్ల పోగు తెగడానికి సిద్ధంగా ఉంది. ఆమె నా పై కొస గొట్టం కూడా కోసి చూసింది. అక్కడ తన చుక్క పెట్టిననాటిలాగే ఉంది. ఒకే తీగ, ఒకే గోపురం, రెండు కొసలు.

ఏం జరిగిందో చెబితే ఆమెకు కొలిమి దగ్గర చోటు మిగులుతుంది. అయితే తన టంకం చెడిందని ఆ ఊళ్ళో ఉపేంద్రాచారి ఎన్నడూ వినలేదు. ఆయన తండ్రి కూడా వినలేదు. సంధ్య ఒళ్ళోని పొడిని కాగితంలోకి దులిపి మడిచింది. ఏమైందని కమలమ్మ అడిగితే, తానే సరిగా అతకలేదని చెప్పింది. బడి నౌకరి ఇంకా ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాలంది. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. నేను ఎన్నో గొంతులు మోసినదాన్ని, మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడిందో నాకు తెలిసింది. ఆమె నన్ను రెండు అతుకులతో సహా కోసి కింద పడేసి, కొత్త తీగ కొనడానికి జనగామ బస్సెక్కింది.

ఆచారి భోజనానికి వచ్చినప్పుడు ఆయన కాలికి నేను తగిలాను. వంగి తీశాడు. ముందు పై కొస చూశాడు. తర్వాత కింది కొస చూశాడు. చిలుము గోటితో గీకి వాసన చూశాడు. నాలుక కొసకు తాకించుకుని, నవసాగరం రుచి తగిలిందేమో, ఉమ్మేశాడు. కమలమ్మ అన్నం పెట్టి పిలిచింది. ఆయన నన్ను చొక్కా జేబులో వేసుకుని, ఆకలి లేదని కొలిమి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పూట ఉలి చప్పుడు వినబడలేదు.

మర్నాడు పొద్దున సేటు వచ్చాడు. పెళ్ళివాళ్ళు ఇంకో దుకాణానికి పోయారని, ఊళ్ళో నవ్వుతున్నారని, వేరే చోట్ల అడిగినవాళ్ళకు వద్దని చెప్పేశానని వరసగా అన్నాడు. సంధ్య గడప లోపల నిలబడి వింటోంది. సేటు ఆమెను చూసి ఆచారి వైపు తిరిగాడు.

“నీ నగిషీకి వంక లేదు ఆచారీ. లోపలి పనే ఆడపిల్లకు అప్పజెప్తివి. గిట్లనే అయితది.”

సంధ్య తల దించుకుంది. ఆచారి జేబులోంచి నన్ను తీశాడు. అరచేతిలో పెట్టి సేటు ముందుకు చాపాడు.

“ఇటు సూడు సేటు. ఈ పై కొస నా బిడ్డ అతికింది. ఈ కింది కొస నేను అతికిన. పచ్చవడ్డది నాది.”

సేటుకు అర్థం కాలేదు. ఆచారి టంకం చెడుతుందా అని అడిగాడు.

“బిందెకైతే చెడది. కడుగుతం గద. దీన్ని కడగకనే మూత పెడ్తరని నాకు ఎరుకలేదు. దానికి ఎరుకే. నా ముఖం జూసి ఊకున్నది.”

సేటు గోపురం వైపు చూశాడు, చిలకల వైపు చూశాడు. ఇప్పుడు మళ్ళీ అతికితే ఎన్నాళ్ళు నిలబడుతుందని ఆచారిని అడిగాడు. తనను కాదు, బిడ్డను అడగమన్నాడు ఆచారి. సేటు తప్పనిసరై గడప వైపు తిరిగి అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. ఇత్తడి నిలబడినన్నాళ్ళూ నిలబడుతుందని సంధ్య చెప్పింది. అయితే కూర్చుంటానని సేటు వాకిట్లో మంచం వాల్చుకున్నాడు.

సంధ్య కొత్త తీగ తీసుకుని మధ్యగదిలోకి పోబోయింది.

“ఆడ చీకటి. ఈడికే తే,” అన్నాడు ఆచారి.

ఆమె తన చిన్న సాల్డరింగ్ కాడ పట్టుకుని కొలిమి వసారాలోకి వచ్చింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. ఆయన ఉలులు ఒకవైపు జరిపాడు. కమలమ్మ తలుపు దగ్గరికి వచ్చి చూసి, పక్కింటి వాళ్ళకు కనబడేలా వాకిలి తలుపు బార్లా తీసి పెట్టింది.

నన్ను రాగి ముక్కల బుట్టలో వేశారు. ఆ బుట్ట ఆయన కూర్చునే చోటు కిందనే ఉంటుంది. ఏ లారీలోనో పోయి, ఏ కొలిమిలోనో కరిగి, ఇంకేదో అవుతాను. దాని గురించి నాకు పెద్ద ఆత్రం లేదు. పైన కొత్త తీగ కొసలు మెలిపెట్టినా జారిపోతున్నాయి. పట్టుకోవడానికి పట్టుకారు వెతుకుతోంది సంధ్య. ఆచారి ఆ రెండు కొసలనూ తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకున్నాడు.

“కాలుతది బాపూ.”

“కాలనీ. నువ్వు అతుకు.”

బంక పొగ లేచింది. చుక్క పడింది. అది చల్లారి గట్టిపడేదాకా ఆయన వేళ్ళు తీయలేదు.